చార్జ్ కంట్రోలర్ గుర్తించని ట్రాక్టర్ బ్యాటరీ ఇంటి సోలార్‌తో లేస్తుందా?

పొలంగట్టు · గుణుపురం వైపు, రాయగడ జిల్లా

అందరికీ నమస్కారం. మాది గుణుపురం నుంచి కొండల్లోకి ఉన్న ఊరు. కరెంటు లైను ఉంది కానీ వానలు మొదలయ్యాక ఎక్కడో చెట్టు పడిందంటే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే ఇంటి మీద 100 వాట్ల ప్యానెల్స్ రెండు, బ్యాటరీకి చార్జింగ్‌ని అదుపు చేసే 20 యాంపియర్ల పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్, 150 ఏహెచ్ (యాంపియర్-గంటల) ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకున్నాం. లైట్లకి, ఫ్యానుకి, ఫోన్లకి లోటు లేదు.

ఇబ్బంది ట్రాక్టర్‌తో వచ్చింది. నూర్పిళ్లు అయ్యాక షెడ్డులో పెట్టాం, తర్వాత తీయలేదు. ఇప్పుడు దమ్ము పట్టే టైమ్ దగ్గరపడింది. తాళం తిప్పితే డాష్‌బోర్డు లైటు కూడా వెలగడం లేదు. బ్యాటరీ 88 ఏహెచ్, నీళ్లు పోసే రకం. మీటరు పెడితే 7.8 వోల్టులు చూపించింది. ఇంట్లో కంట్రోలర్ నుంచి మా బ్యాటరీ తీసేసి దీన్ని తగిలిస్తే కంట్రోలర్ అసలు ఆన్ కావడం లేదు. ప్యానెల్ వైర్లు నేరుగా బ్యాటరీకి పెట్టేయొచ్చా? లేక ఇన్వర్టర్ మీద మామూలు 230 వోల్టుల బ్యాటరీ చార్జర్ నడపాలా? దీన్ని గుణుపురం షాపుకి మోసుకెళ్లి, రెండు రోజులాగి మళ్లీ తెచ్చుకోవడం ఈ వానల్లో పెద్ద పని. వీలైతే ఇంటి దగ్గరే చేసుకోవాలని ఉంది.


ప్రాణహిత ఒడ్డు · సిరోంచ, గడ్చిరోలి జిల్లా

నేరుగా పెట్టేయండి అన్నా. మా దగ్గర ఆటోల బ్యాటరీలు అట్లనే ఎక్కిస్తాం. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్, పొద్దున పెట్టి సాయంత్రం తీసేయడమే. ప్యానెల్ ఎంత ఇస్తే బ్యాటరీ అంత తీసుకుంటుంది.


బ్యాటరీ షాపు · జయపురం, కోరాపుట్ జిల్లా

తమ్ముడూ, ఏదైనా తగిలించే ముందు ఆ బ్యాటరీకి చార్జింగ్ పెట్టడం దండగో కాదో తేల్చుకో. నా షాపుకి వచ్చే పది బ్యాటరీల్లో ఎక్కువ భాగం ఈ పరీక్ష దగ్గరే ఆగిపోతాయి.

ముందు పైకి చూడు. డబ్బా పక్కలు ఉబ్బినా, ఎక్కడైనా చీలినా, టెర్మినల్ దగ్గర కరిగినట్టున్నా చార్జింగ్ ఆలోచన వదిలెయ్. బాగుంటే ఆరు మూతలూ తీసి టార్చి వేసి చూడు. ప్లేట్లు నీళ్లలో మునిగి ఉన్నాయా, తేలి ఉన్నాయా? తేలి ఉంటే ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి, అంతకు మించి పోయొద్దు. చార్జింగ్‌లో నీళ్ల మట్టం పెరుగుతుంది కాబట్టి నిండుగా పోస్తే యాసిడ్ పొంగి మూతల్లోంచి బయటికొస్తుంది. గీత దాకా నింపడం చార్జింగ్ పూర్తయ్యాకే. ఇంకో మాట, యాసిడ్ మాత్రం పోయొద్దు. బ్యాటరీ డౌన్ అయిందంటే యాసిడ్ తగ్గిందనుకుని పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేటుగా మారి ప్లేట్ల మీదే ఉంది. చార్జింగ్ ఎక్కితే మళ్లీ నీళ్లలోకి వస్తుంది. పైనుంచి అదనంగా పోస్తే రెండూ కలిసి ప్లేట్లను తినేస్తాయి.

తర్వాత హైడ్రోమీటర్, అంటే యాసిడ్ చిక్కదనం కొలిచే బుడ్డి. చార్జి నిండిన బ్యాటరీ 1.260 నుంచి 1.280 చూపిస్తుంది, సగానికి వస్తే 1.190 దగ్గర, 1.120కి వస్తే ఖాళీ. ఆరు సెల్స్‌లో రీడింగ్ ఎలా ఉందో రాయి. అన్నీ ఒకేలా పడిపోయి ఉంటే ఆశ ఉంది. ఐదు బాగుండి ఒకటి పడిపోతే ఆ సెల్ పోయినట్టే, దానికి ఎంత ఎండ పెట్టినా వృథా.


పొలంగట్టు · గుణుపురం వైపు

చూశాను గురువుగారూ. డబ్బా బాగుంది. నాలుగు సెల్స్‌లో హైడ్రోమీటర్ బుడ్డి అడుగుకి మునిగిపోతోంది, స్కేలు మీద అంకె రావడం లేదు. మిగతా రెండింటిలో ప్లేట్లు తేలి ఉన్నాయి, పీల్చడానికి నీళ్లే లేవు. ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోశాను.


బ్యాటరీ షాపు · జయపురం

కొలిచిన నాలుగూ ఒకేలా పడిపోయాయి కాబట్టి మొదలుపెట్టొచ్చు. నీళ్లు పోసిన రెండు సెల్స్‌ని ఇప్పుడే కొలవొద్దు, పోసిన నీళ్లు కిందిదాకా కలవాలంటే చార్జింగ్ నడవాలి.

ఇంతగా ఖాళీ అయిన బ్యాటరీకి ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వకూడదు. లోపల యాసిడ్ దాదాపు ఉత్త నీళ్లలా పల్చబడి ఉంటుంది. ఆ నీళ్లలో సీసం సల్ఫేటు కొంచెం ఎక్కువగా కరుగుతుంది. చార్జింగ్ పెట్టగానే అదే సన్నటి సీసం పోగులుగా మారి ప్లేట్ల మధ్య అడ్డం పడితే సెల్ షార్ట్ అయిపోతుంది. మొదటి పూట 2, 3 యాంపియర్లు దాటనివ్వకు. లేచాక కూడా ఏహెచ్‌లో పదో వంతు లెక్క, అంటే నీ బ్యాటరీకి 8, 9 యాంపియర్లు.


వైరింగ్ పని · రాయగడ టౌన్

కంట్రోలర్ ఎందుకు ఆన్ కాలేదో నేను చెప్తాను. మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ తన పనికి కావలసిన కరెంటు బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. పైగా అది 12 వోల్టుల బ్యాటరీనా 24దా అని టెర్మినల్ వోల్టేజీ చూసి నిర్ణయించుకుంటుంది. 8, 9 వోల్టుల కింద ఉంటే చాలా మోడళ్లకు బ్యాటరీ ఉన్నట్టే తెలియదు. కంట్రోలర్ పాడైందని కంగారు పడొద్దు.

దీనికి దారి ఏమిటంటే, మీ ట్యూబులర్ బ్యాటరీ సాయంతో ట్రాక్టర్ బ్యాటరీని కంట్రోలర్ గుర్తుపట్టే వోల్టేజీకి లేపడం. కానీ రెండింటినీ నేరుగా వైరుతో కలిపేయకండి. 12.7 ఉన్నదాన్ని 7.8 ఉన్నదానికి కలిపితే ఎంత కరెంటు పారుతుందో మన చేతిలో ఉండదు. మధ్యలో ఒక హెడ్‌లైట్ బల్బు పెట్టండి, పాత 55 వాట్ల 12 వోల్టుల హాలోజన్ ఏదైనా పర్లేదు. ట్యూబులర్ ప్లస్ నుంచి 10 యాంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి బల్బు, బల్బు నుంచి ట్రాక్టర్ బ్యాటరీ ప్లస్. మైనస్ నేరుగా మైనస్‌కి. ఈ తేడాకి బల్బులోంచి 3 యాంపియర్ల లోపే పోతుంది. షాపు అన్న చెప్పిన లిమిట్ దానంతటదే కుదురుతుంది.

బల్బు వెలుగు చూస్తే లోపల సంగతి తెలిసిపోతుంది. సల్ఫేటు గట్టిపడిన బ్యాటరీ అయితే మొదట్లో బల్బు వెలగదు, అది కరెంటు తీసుకోవడం మొదలుపెట్టాక మసగ్గా వెలుగుతుంది, రెండు వోల్టేజీలు దగ్గరపడేకొద్దీ ఆరిపోతుంది. గంటల తరబడి మసగ్గా వెలుగుతూనే ఉండి ట్రాక్టర్ బ్యాటరీ 10.5 దగ్గరే నిలిచిపోతే ఒక సెల్ షార్ట్ అయినట్టు. ఒక్కో సెల్‌ది 2 వోల్టుల పైచిలుకు కదా, ఆరింట్లో ఒకటి తగ్గితే మిగిలేది అంతే.

మిట్ట మధ్యాహ్నం, ప్యానెల్ పనిచేస్తున్నప్పుడే ఇది చేయండి. ఇంటి బ్యాటరీ నుంచి పోయినదాన్ని ఎండ అప్పటికప్పుడు నింపుతుంటుంది. 11.5 దాటాక బల్బు తీసేసి, ట్రాక్టర్ బ్యాటరీని ఒక్కదాన్నే కంట్రోలర్‌కి మార్చుకోవచ్చు. మార్చేటప్పుడు వరస తప్పకూడదు. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. ప్యానెల్ ఉండగా బ్యాటరీ పీకేస్తే ప్యానెల్ 21, 22 వోల్టులు కంట్రోలర్ మీద, దానికి కలిపిన లైట్ల మీద పడతాయి.


ప్రాణహిత ఒడ్డు · సిరోంచ

ఇంత తతంగం దేనికన్నా? నేను చెప్పిన పద్ధతిలో ఒక్క వైరు మార్చే పని లేదు. మా ఆటో స్టాండులో కంట్రోలర్ ఉన్నవాడే లేడు, బ్యాటరీలు నడుస్తూనే ఉన్నాయి.


వైరింగ్ పని · రాయగడ టౌన్

తమ్ముడూ, మీ స్టాండులో ప్యానెల్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని ఏహెచ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. 40, 50 వాట్ల ప్యానెల్ ఆటో బ్యాటరీకి పెడితే వచ్చేది 2, 3 యాంపియర్లు, సాయంత్రానికి తీసేస్తారు కాబట్టి పెద్ద నష్టం కనిపించదు. ఇక్కడున్నవి 200 వాట్లు, మంచి ఎండలో 11 యాంపియర్లు. ప్యానెల్‌కి ఆపడం తెలియదు. బ్యాటరీ నిండాక కూడా తోస్తూనే ఉంటుంది, వోల్టేజీ 15, 16 దాటిపోయి నీళ్లు మరుగుతాయి. అదే ప్యానెల్‌ని పొరపాటున బైకు బ్యాటరీకి పెట్టారనుకోండి, 5 ఏహెచ్ బ్యాటరీకి 11 యాంపియర్లు, గంటలో ఉబ్బిపోతుంది.

మీటరు పట్టుకుని పక్కనే కూర్చుని 14.4 రాగానే తీసేస్తానంటే నేరుగా పెట్టినా నేను కాదనను. పొలం పనుల్లో అలా కూర్చోగలిగేవాళ్లు ఎంతమంది? రాత్రి మర్చిపోతే ప్యానెల్‌లో డయోడ్ లేకుంటే బ్యాటరీ వెనక్కి కూడా కారుతుంది.


ప్రాణహిత ఒడ్డు · సిరోంచ

మాది 50 వాట్లదే అన్నా. సాయంత్రం తీసేవరకు ఎవరో ఒకరు స్టాండులో ఉంటారు, అందుకే నడిచిపోతున్నట్టుంది. 200 వాట్ల లెక్క వేరే అని ఒప్పుకుంటా.


బడి పంతులమ్మ · పర్లాకిమిడి, గజపతి జిల్లా

మీరంతా వోల్టుల గురించి మాట్లాడుతున్నారు, నేను గాలి గురించి చెప్తాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక మా జిల్లా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు సోలార్ ఉన్న ఇంట్లో వీధి వీధంతా ఫోన్లు, టార్చిలు, బళ్ల బ్యాటరీలు తెచ్చి పెట్టేవాళ్లు. వాన పడుతుందని అన్నీ ఒకే గదిలో, తలుపులు వేసి. పిల్లలు ఆ పక్కనే పడుకునేవారు.

నీళ్ల బ్యాటరీ చార్జింగ్ చివరికొచ్చేసరికి హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఆ రవ్వ క్లిప్పు పీకేటప్పుడు టెర్మినల్ దగ్గరే పుడుతుంది. అందుకే షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, మూతలు వదులుగా ఉంచండి, దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకండి. క్లిప్పులు బ్యాటరీకి పెట్టే ముందు, తీసే ముందు కూడా ప్యానెల్ వైపు స్విచ్ ఆపండి. స్విచ్ లేకపోతే ప్యానెల్ మీద మందంపాటి గోనెసంచి కప్పండి.

మూతలు తీసి వంగి చూసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. ఒక బకెట్ నీళ్లు, గుప్పెడు వంటసోడా పక్కనే ఉండాలి. కింద పడిన యాసిడ్ మీద సోడా చల్లండి. కంట్లో పడితే మాత్రం సోడా కాదు, ధారగా మంచినీళ్లు, పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా పోయాలి, తర్వాత ఆసుపత్రి. మా ఊళ్లో మెకానిక్కులు ఒట్టి చేతులతో, ఒట్టి కళ్లతో చేస్తారు. చూసినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉంటుంది.


పొలంగట్టు · గుణుపురం వైపు

మేడం, బకెట్, సోడా పెట్టుకునే మొదలుపెట్టాను. షెడ్డుకి మూడు వైపులా గోడలు లేవు కాబట్టి గాలికి ఇబ్బంది లేదు.

బల్బు పద్ధతి పనిచేసింది. వైరింగ్ అన్న చెప్పినట్టే చాలాసేపు వెలగలేదు, తర్వాత వత్తి ఎర్రబడింది. మబ్బు పట్టేలోపు 11.9కి వచ్చింది. కంట్రోలర్‌కి మార్చాను, ఆన్ అయింది. కానీ ఇప్పుడు ఇంకో వింత. అరగంట తిరక్కుండానే కంట్రోలర్ 14.4 అని, బ్యాటరీ ఫుల్ అని చూపిస్తోంది. 88 ఏహెచ్ అరగంటలో ఎలా నిండుతుంది?


బ్యాటరీ షాపు · జయపురం

నిండలేదు. అది దొంగ ఫుల్. ప్లేట్ల మీద సల్ఫేటు పొరగా గట్టిపడి ఉంది, కరెంటు లోపలికి దూరడం లేదు. దూరకపోతే టెర్మినల్ దగ్గర వోల్టేజీ చప్పున పెరుగుతుంది. కంట్రోలర్‌కి కనిపించేది ఆ వోల్టేజీ ఒక్కటే, అందుకే ఫుల్ అనుకుంటుంది. కంట్రోలర్ తీసేసి గంటాగి కొలువు, మళ్లీ 12 దగ్గరికి దిగిపోయి ఉంటుంది.

చేయవలసింది ఏమీ లేదు, అలాగే వదిలెయ్. రోజూ ఎండ ఉన్నంతసేపు 14.4 మీద ఉండనీ. మొదటి రోజు అరయాంపియరు కూడా తీసుకోకపోవచ్చు, తర్వాత ఒకటి, రెండు, నాలుగు అలా పెరుగుతుంది. షాపుల్లో పెద్ద చార్జర్ పెట్టి ఒక్క రాత్రిలో లేపి ఇచ్చేస్తారు, నెలలోనే అది మళ్లీ పడుకుంటుంది. ఎండ నెమ్మదిగా ఇస్తుంది కాబట్టి ఇలాంటి బ్యాటరీకి సోలారే నయమని నా నమ్మకం. దబాయించి తినిపిస్తే నిరాహారదీక్ష విరమించినవాడికి బిర్యానీ పెట్టినట్టే.


వైరింగ్ పని · రాయగడ టౌన్

రోజుల లెక్క కూడా వేసుకోండి. 88 ఏహెచ్ ఖాళీ బ్యాటరీకి నష్టాలతో కలిపి 100 ఏహెచ్ పైనే పెట్టాలి. మన దగ్గర మంచి ఎండ రోజున 200 వాట్ల ప్యానెల్స్ 11 యాంపియర్ల చొప్పున 5 గంటలకి 55 ఏహెచ్ ఇవ్వాలి. దుమ్ము, వేడి, నీడ పోగా చేతికొచ్చేది 40, 45. మబ్బు రోజున 15 వస్తే గొప్ప. ఆ లెక్కన బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే మూడు ఎండ రోజులు, ఇలా సల్ఫేటు పట్టింది కాబట్టి వారం పైనే అనుకోండి. ఆ వారం రాత్రుళ్లు ఇంట్లో లైట్లకి ట్యూబులర్ చాలకపోతే కంట్రోలర్‌ని రోజు మార్చి రోజు అటూ ఇటూ మార్చుకోండి. లేదంటే ఒక 10 యాంపియర్ల చిన్న కంట్రోలర్ కొని ఒక ప్యానెల్ దీనికి, ఒక ప్యానెల్ ఇంటికి పంచేయండి. నేనైతే రెండోదే చేస్తాను. రోజూ వైర్లు మార్చేచోట ఏదో ఒక రోజు ప్లస్ మైనస్ తారుమారు అవుతాయి.

ప్యానెల్ నుంచి షెడ్డుకి దూరమెంత? వైరు ఏది వాడారు?


పొలంగట్టు · గుణుపురం వైపు

మిద్దె మీద నుంచి షెడ్డుకి 10 మీటర్లు ఉంటుంది. ఇంట్లో మిగిలిన వైరే లాగాను, 1.5 స్క్వేర్ ఎంఎం.


వైరింగ్ పని · రాయగడ టౌన్

సన్నం. రానుపోను 20 మీటర్ల రాగి వైరు అవుతుంది, 6 యాంపియర్లు పారితే దాదాపు ఒకటిన్నర వోల్టు వైరే తినేస్తుంది. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే అది అర వోల్టు దగ్గరికి దిగుతుంది. ఇందులో కిటుకు ఏమిటంటే కంట్రోలర్‌ని బ్యాటరీ పక్కనే పెట్టండి, పొడుగు వైరు ప్యానెల్‌కీ కంట్రోలర్‌కీ మధ్య ఉండనివ్వండి. ప్యానెల్‌కి 17, 18 వోల్టులు ఉంటాయి కాబట్టి అక్కడ ఒక వోల్టు పోయినా పర్వాలేదు. కంట్రోలర్‌కీ బ్యాటరీకీ మధ్య పోతే కంట్రోలర్ 14.4 అనుకుంటుంది, బ్యాటరీ దగ్గర 13 ఉంటుంది, అది ఎన్నటికీ నిండదు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి.


పత్తి చేను · కిన్వట్, నాందేడ్ జిల్లా

మంచి చర్చ నడుస్తోంది. మాకు మహారాష్ట్ర ప్రభుత్వ మాగేల్ త్యాలా సౌర్ కృషి పంప్ పథకంలో చేలో పంపు ప్యానెల్స్ వచ్చాయి. పత్తికి నీళ్లు అక్కర్లేని రోజుల్లో అవి ఊరికే ఎండలో ఉంటాయి. వాటిలో ఒకదాని నుంచి వైరు లాగి ట్రాక్టర్ బ్యాటరీ ఎక్కించుకోవచ్చా? మా అన్న చేద్దామంటున్నాడు.


వైరింగ్ పని · రాయగడ టౌన్

వద్దని మీ అన్నకి గట్టిగా చెప్పండి. పంపు ప్యానెల్స్ అన్నీ ఒకదాని వెనుక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. ఒక్కోటి 40 వోల్టుల చొప్పున వరసలో కలిసి వందల వోల్టుల డీసీ అవుతుంది. డీసీ ఆర్క్ ఏసీలా తనంతట తాను ఆరదు, ఎండ ఉండగా కనెక్టర్ పీకితే చెయ్యి కాలుతుంది. పైగా పథకంలో ఇచ్చినవాటికి 5 ఏళ్ల మరమ్మతు బాధ్యత సరఫరా చేసినవాళ్లది. వైర్లు కోసినట్టు కనబడితే మీ మాట వినరు.

వేరేగా ఒక పెద్ద ప్యానెల్ కొనాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. ఇప్పుడు దొరికే 330 వాట్ల 72 సెల్స్ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర 9 యాంపియర్లు ఇస్తుంది. దాన్ని పీడబ్ల్యూఎం మీద 12 వోల్టుల బ్యాటరీకి పెడితే ఆ 9 యాంపియర్లే వస్తాయి, అంటే 120 వాట్లు కూడా అందవు. మిగతాది గాలికే. ప్యానెల్‌లో ఎక్కువున్న వోల్టేజీని బ్యాటరీకి కరెంటుగా మార్చే ఎంపీపీటీ రకం కంట్రోలర్ పెడితే అదే ప్యానెల్ 20 యాంపియర్ల పైన ఇస్తుంది. కొనే ముందు కంట్రోలర్ మీద రాసిన గరిష్ఠ ప్యానెల్ వోల్టేజీ చూడండి, 25 అని రాసి ఉన్నదానికి ఈ ప్యానెల్ తగిలిస్తే కాలిపోతుంది.


శబరి గట్టు · మోటు, మల్కనగిరి జిల్లా

నాది ఎలక్ట్రిక్ స్కూటర్, లిథియం బ్యాటరీ. నెలలు వాడకపోతే పూర్తిగా ఆగిపోయింది. దానికి కూడా ఈ బల్బు పద్ధతి చేయొచ్చా అన్నా?


వైరింగ్ పని · రాయగడ టౌన్

చేయొద్దు. లిథియంలో వోల్టేజీ బాగా పడిపోతే లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ బోర్డు కావాలనే తలుపు మూసేస్తుంది. ఆ తలుపుని బయటి నుంచి బద్దలుకొడితే చార్జింగ్‌లో మంట లేచే ప్రమాదం ఉంది. కంపెనీ చార్జర్‌ని ప్యూర్ సైన్ ఇన్వర్టర్ మీద పెట్టి చూడండి. తీసుకోకపోతే సర్వీసు సెంటరే. మోటు నుంచి దూరమని తెలుసు, అయినా ఇది ఇంట్లో చేసే పని కాదు.

మొదటి పోస్టులో ఇన్వర్టర్ మీద 230 వోల్టుల చార్జర్ సంగతి అడిగారు, దానికీ ఇక్కడే చెప్పేస్తాను. ట్రాక్టర్ బ్యాటరీకి అది పనిచేస్తుంది కానీ ప్యానెల్ నుంచి ఇంటి బ్యాటరీకి కొంత, ఇన్వర్టర్‌లో కొంత, చార్జర్‌లో కొంత పోయి, చివరికి చేరేది సగానికి కాస్త పైన. ఎండ తక్కువున్న వానాకాలంలో అంత పోగొట్టుకోలేం.


పొలంగట్టు · గుణుపురం వైపు

చిన్న కంట్రోలర్ కొని షెడ్డులోనే పెట్టాను, ప్యానెల్ ఒకటి దానికి వదిలేశాను. మధ్యలో రెండు మూడు రోజులు ముసురు పట్టింది. ఇప్పుడు బ్యాటరీ పగలు నిజంగానే 5 యాంపియర్లు తీసుకుంటోంది. రాత్రంతా ఏదీ తగిలించకుండా ఉంచి ఉదయం కొలిస్తే 12.5. హైడ్రోమీటర్ ఐదు సెల్స్‌లో 1.240 దగ్గర, ఒక దానిలో 1.205. ఆ సెల్ మొదట్లో ప్లేట్లు తేలిన రెండింటిలో ఒకటి. ఇది సెల్ పోయినట్టా?


బ్యాటరీ షాపు · జయపురం

ఇంకా పోలేదు. మిగతావాటికి దీనికి తేడా 0.050 దాటితే ఆశ వదులుకోవాలి, నీది 0.035. అది వెనకబడిన సెల్, కాస్త ఎక్కువసేపు చార్జింగ్ ఇస్తే మిగతావాటి దగ్గరికి వస్తుంది. నీ కంట్రోలర్‌లో సెల్స్ అన్నిటినీ సమం చేసే ఈక్వలైజ్ సెట్టింగ్ ఉంటే 14.8 నుంచి 15 మధ్య పెట్టి ఒక పగలు నడుపు. మూతలు వదులు చేసి ఉంచు, నీళ్ల మట్టం చూస్తూ ఉండు. డబ్బా మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఆపేయ్. ఇది నీళ్లు పోసే బ్యాటరీకి మాత్రమే. సీల్డ్ బ్యాటరీకి 15 ఇస్తే ఎండిపోతుంది, మళ్లీ నీళ్లు పోసే దారి ఉండదు. ఇది చదివేవాళ్లు తమ బ్యాటరీ ఏ రకమో చూసుకునే చేయండి.

ఎండాకాలంలో ఎవరైనా చేస్తే మామూలు చార్జింగ్‌కి కూడా 14.4 బదులు 14.1 చాలు. 40 డిగ్రీల వేడిలో బ్యాటరీ తక్కువ వోల్టేజీకే నిండుతుంది, లేకపోతే నీళ్లు ఊరికే ఎగిరిపోతాయి.


పొలంగట్టు · గుణుపురం వైపు

ఒక పగలు 14.8 మీద నడిపాను. ఆ సెల్ 1.225కి వచ్చింది, మిగతావి 1.250. ట్రాక్టర్‌కి బిగించి సెల్ఫ్ కొట్టాను, స్టార్ట్ అయింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తమ్ముడు మీటరు పట్టుకుని చూశాడు, 10.1 దాకా దిగింది. ఇది సరిపోతుందా?


బ్యాటరీ షాపు · జయపురం

సరిపోతుంది. 9.6 కింద పడితే భయం. దమ్ము సీజన్ నడిచిపోతుంది. కానీ దాని పాత బలం అంతా తిరిగి రాదని తెలుసుకో. గట్టిపడిన సల్ఫేటులో కొంత శాశ్వతంగా ఉండిపోతుంది. ఇంజన్ ఆపి రాత్రి లైట్లు వేసుకుని పని చేస్తే పొద్దున సెల్ఫ్ తిరగకపోవచ్చు. పొలంలో ఇంజన్ ఆపి ఆపి స్టార్ట్ చేయకు. చలికాలం వచ్చే ముందు ఇంకోసారి హైడ్రోమీటర్ పెట్టు.


బడి పంతులమ్మ · పర్లాకిమిడి

లేచినవాటి గురించి సంతోషం. లేవనివాటిని ఏం చేస్తున్నారు? మా వైపు పాత సామాన్లవాళ్లు సెల్ పోయిన బ్యాటరీలు కొని, యాసిడ్ కాలవలో పారబోసి, లోపలి సీసం పెరట్లోనే కరిగిస్తారు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. ఆ పొగ, బూడిద పీల్చే చిన్నపిల్లలకి మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పైకి ఏమీ కనబడదు, బడిలో వెనకబడ్డాక మనం మొద్దు అంటాం. 2001 నాటి నిబంధనల స్థానంలో 2022లో కొత్త బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి, పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. దయచేసి కొత్తది కొనే షాపులోనే పాతది ఇవ్వండి. సామాన్లవాడు వంద రూపాయలు ఎక్కువిచ్చినా వద్దు.


బ్యాటరీ షాపు · జయపురం

మేడం చెప్పింది అక్షరాలా నిజం. పాత బ్యాటరీ తెస్తే రేటు తగ్గించి కొత్తది ఇస్తాం, అది కంపెనీకే వెళ్తుంది. యాసిడ్ పారబోసి తేలిక చేసి తేవొద్దు, ఉన్నది ఉన్నట్టు తెండి.


పత్తి చేను · కిన్వట్

పంపు ప్యానెల్ ముట్టుకోవద్దన్నది అన్నకి అర్థమయ్యేలా చెప్పాను. మరి మా ట్రాక్టర్ కూడా పత్తి ఏరేదాకా ఖాళీగానే ఉంటుంది. ఇట్లా డౌన్ కాకుండా ముందే ఏం చేయాలి? సిమెంటు గచ్చు మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందని మా నాయన చెక్క పీట వేసి పెట్టేవాడు, అది చాలా?


వైరింగ్ పని · రాయగడ టౌన్

మీ నాయనగారి కాలంలో డబ్బాలు వేరు, తడి గచ్చు మీద కారుడు ఉండేదంటారు. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకి గచ్చు ఏమీ చేయదు. అసలు దించేది బండిలోని చిన్న చిన్న వాడకాలు, ఇంకా బ్యాటరీ తనంతట తాను కోల్పోయే చార్జి. గడియారం, జీపీఎస్ లాంటివి 50 మిల్లీయాంపియర్లు తీసుకున్నా రోజుకి 1.2 ఏహెచ్ పోతుంది, 60 ఏహెచ్ బ్యాటరీ నెల తిరిగేసరికి సెల్ఫ్ తిప్పలేని స్థితికి వస్తుంది. పెట్టేసే రోజునే మైనస్ టెర్మినల్ విప్పేయండి. అది సగం పని.

మిగతా సగానికి 10 వాట్ల చిన్న ప్యానెల్ చాలు. అర యాంపియర్ కొంచెం పైన ఇస్తుంది, 88 ఏహెచ్ బ్యాటరీకి అది వందో వంతు కూడా కాదు కాబట్టి కంట్రోలర్ లేకుండా డయోడ్, ఫ్యూజు పెట్టి వదిలేసినా మరగదు. నెలకోసారి నీళ్లు చూసుకుంటే చాలు. అదే 10 వాట్ల ప్యానెల్ బైకు బ్యాటరీకి మాత్రం కంట్రోలర్ లేకుండా పెట్టొద్దు, 5 ఏహెచ్‌కి అర యాంపియర్ అంటే పదో వంతు, నిండాక ఆగదు. ప్యానెల్‌ని ట్రాక్టర్ బానెట్ మీద కాకుండా షెడ్డు కప్పు మీద దక్షిణం వైపు వాల్చి బిగించండి, మన అక్షాంశానికి 20 డిగ్రీల వాలు సరిపోతుంది. వైరు ఎలకలు కొరక్కుండా పైపులో లాగండి.


పత్తి చేను · కిన్వట్

డయోడ్ ఎన్ని యాంపియర్లది వేయాలి?


వైరింగ్ పని · రాయగడ టౌన్

3 యాంపియర్లది వేయండి, షాట్కీ రకం దొరికితే నష్టం తక్కువ. చార వైపు బ్యాటరీ ప్లస్‌కి ఉండాలి. ఫ్యూజు 2 యాంపియర్లు.